వెనక పిలుపు

జూన్ 15, కట్ట 40వ ఏడు

ఈ రోజు తొమ్మిది మంది పిల్లలకు వెనక పిలుపు జరిగింది. ఏడుగురు తిరిగారు. ఇద్దరు తిరగలేదు.

తిరగని ఇద్దరిలో ఒకరు మా పక్కింటి అంకారావు కూతురు పెద్దింట్లు. మూడు రోజుల కిందట, పద్నాలుగో పుట్టినరోజున, మిగతా ఎనిమిది మందితో పాటు ఆమె చెవుల్లోనూ మందు వేశారు. ఈ ఉదయం పది గంటలకు దూది తీశారు. డ్యూటీ ఆఫీసు వాకిట్లో పిల్లలు సముద్రం వైపు తిరిగి వరసగా నిలబడ్డారు. కన్నవాళ్ళు ఏడడుగులు వెనక నిలబడి ఒక్కొక్కరే పిలవాలి. ఇంట్లో పిలిచే పేరుతో, ఇంట్లో మాట్లాడే గొంతుతో పిలవాలి. అరవకూడదు. మూడుసార్లు పిలవవచ్చు.

"పెద్దీ" అన్నాడు అంకారావు. ఆ పిల్ల కొంగల్ని చూస్తోంది. రెండోసారి పిలిచాడు. మూడోసారి అతని గొంతు పెరిగింది. ఇన్‌చార్జి దమయంతి గారు వద్దన్నట్టు చెయ్యి ఎత్తారు. రిజిస్టరులో 'పట్టలేదు' అని రాశారు.

అంకారావు వెళ్ళి కూతురి భుజం పట్టుకుని తిప్పాడు. ఆ పిల్ల నవ్వింది.

"ఇంకా పిలవలేదేం నాన్నా?" అంది.

రేపు ఉదయం ఏడు గంటలకు మైకులో నేను చదవబోయే వాక్యం ఇది: 'నిన్న తొమ్మిది మందిలో ఏడుగురికి మందు పట్టింది.' ఇందులో అబద్ధమేమీ లేదు.

మే 20, 41

మా అమ్మాయి కెజియాకు నీలం కోటు కొలతలు ఇచ్చి వచ్చాం. డ్యూటీలో చేరే పిల్లలకు ఆ కోటు ఉండాలి.

దర్జీ టేపు పట్టుకుని భుజాలు కొలిచాడు. "పద్నాలుగేళ్ళ పిల్ల భుజాలేనా ఇవి? అన్నం పెట్టటంలా ఏంటి సువార్తమ్మా?" అన్నాడు.

పెడుతున్నాను. భుజాలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. కెజియాకు ఈ రోజుకు పన్నెండేళ్ళ ఏడు నెలలు.

ఈ విషయం నేను కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. 20వ ఏటి నుంచి ఏడాది విడిచి ఏడాది ఉప్పునీళ్ళు పొలాల్లోకి వచ్చి పంట పోయేది, 32వ ఏటా పోయింది. ఇళ్ళకు రేషను సగం చేశారు. బడిలో పేరున్న పిల్లలకు మాత్రం మధ్యాహ్నం పూర్తి భోజనం పెట్టారు. బడిలో చేరాలంటే ఐదేళ్ళు నిండాలి. పుట్టిన కాగితాలు ఉన్న ఇళ్ళు తక్కువ. కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి అందుకుంటే ఐదేళ్ళు నిండినట్టు. ముంపుకు ముందు కూడా బళ్ళలో వయసు అలాగే చూసేవారని మా అమ్మ చెప్పేది.

కెజియా వేళ్ళు చెవికి నాలుగంగుళాల పైనే ఆగిపోయాయి. గురవయ్య మాస్టారు నా మొహం వైపు, నా చేతిలో ఉన్న ఖాళీ గిన్నె వైపు చూశారు.

"వయసెంత వేయమంటావమ్మాయ్?"

"ఐదు వేయండి మాస్టారూ."

ఆయన జూన్ 12, 27 అని వేశారు. జూన్ 12 బడి తెరిచే రోజు. కెజియా పుట్టింది 28వ ఏట, అక్టోబరు 14న. ఒక్క కలం పోటుతో పదహారు నెలలు పెద్దదైంది. ఆ మధ్యాహ్నం పప్పన్నం, సగం కోడిగుడ్డు తిన్నది. నేను కిటికీలోంచి చూశాను.

మా ఊళ్ళో సగానికి దగ్గరగా పిల్లలు జూన్ 12నే పుట్టినట్టు రాసి ఉంటుంది. ఎందుకో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు. అంటే వయసు తప్పు చెప్పినట్టు ఒప్పుకోవాలి. వయసు తప్పు చెప్పిన ఇంటిని కట్ట అవతలి లంకలకు పంపుతారు. మూడేళ్ళలో ఐదు కుటుంబాలను పంపారు. రెండు కుటుంబాల కబురు ఇప్పటికీ తెలియదు.

దారిలో కెజియా అంది: "నాకు పద్నాలుగు వచ్చేసినాక నీకు వినపడనియ్యన్నీ నాకు వినపడతాయి. అప్పుడు నువ్వే నన్నడగాలి, కెజ్జూ ఏం వినపడతంది అని."

"అడుగుతాలే" అన్నాను.

కట్ట లోపలి సొరంగాల్లో తీగలు ఉన్నాయి. ఎక్కడైనా నీరు ఊరితే అక్కడి తీగ సన్నగా ఈల వేస్తుంది. ఉప్పుగాలికి మీటర్లు ఆరు నెలలు ఆగవు. పెద్దవాళ్ళ చెవులకు ఆ ఈల అందదు. మందు వేసుకున్న పిల్లలకు ఇరవై నాలుగో ఏడు దాకా అందుతుంది. మా వెనక పన్నెండు వేల ఎకరాలు, తొమ్మిది ఊళ్ళు సముద్రం కంటే పల్లంలో ఉన్నాయి.

ఇంటికి వచ్చాక కెజియా బట్టలు మడత పెడుతుంటే ఏడడుగులు వెనక నిలబడి పిలిచాను. తిరిగింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు."

మే 26

డ్యూటీ ఏడాది చివరి నివేదిక రాయాలని చెప్పి డ్యూటీ రిజిస్టర్లు అడిగాను. మైకు వార్తలు రాసేదాన్ని కాబట్టి ఎవరూ కారణం అడగలేదు. పదేళ్ళ లెక్క తీశాను.

మందు వేయించుకున్నవాళ్ళు 214 మంది. పట్టనివాళ్ళు, అంటే చెవులు పూర్తిగా పోయినవాళ్ళు, 31 మంది. ఏడుగురిలో ఒకరికి పట్టదని ఊళ్ళో అనుకునే మాటకు ఈ లెక్క సరిపోతుంది. ఆ 31 మంది పుట్టిన తేదీలు విడిగా రాసుకున్నాను. ముప్ఫై మందికి జూన్ 12. ఒక్కరికి ఫిబ్రవరి 3.

రెండోసారి లెక్కపెట్టాను. మూడోసారి లెక్కపెట్టాను.

మందు డబ్బా అడిగి చూశాను. పక్కన చిన్న అక్షరాలున్నాయి. 'పద్నాలుగేళ్ళు నిండనివారికి వాడరాదు.' ఇన్నాళ్ళూ అది డ్యూటీ నియమం అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంటుంది. కానీ డబ్బా మీద రాసింది మందు తయారుచేసినవాళ్ళు. వాళ్ళకు మా డ్యూటీ సంగతి తెలియదు.

ఇంకా పదిహేడు రోజులు ఉన్నాయి.

మే 28

అంకారావు వల బాగుచేసుకుంటున్నాడు. పెద్దింట్లు పక్కనే కూర్చుని దారం అందిస్తోంది. ఏడాదిగా ఆ పిల్ల మాటలు తగ్గిపోయాయి. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా మాట్లాడుతుందో తెలియదు. అది చూసి పిల్లలు నవ్వారు. అప్పటి నుంచి మానేసింది. కెజియాతో మాత్రం చేతులతో ఏవేవో చెబుతుంది. ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటారు.

"అంకారావూ, పెద్దింట్లు అసలు ఎప్పుడు పుట్టింది?"

"జూన్ పన్నెండు."

"అది బడిలోది. నేనడిగేది అసలుది."

అతను వల కింద పెట్టి, నా చేతిలో ఉన్న తేదీల కాగితం వైపు చూశాడు. "ఆ కాగితం మడిచి లోపల పెట్టక్కా ముందు."

పెట్టాను. అతను కూతురి వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆ పిల్ల ముందు గొంతు తగ్గించాల్సిన పని లేదని వెంటనే గుర్తొచ్చినట్టుంది. తల దించుకున్నాడు.

"దీపావళి ముందు. గాలివాన వచ్చిందే, ఆ వారంలో. ఏడాది మీద నాలుగు నెలలు ఎక్కువ ఏయించా. తిండి కోసమేగా అక్కా, అందరూ ఏయించారుగా."

"నీకు అనుమానం రాలేదా?"

"రాకేం. వాకిట్లో మూడోసారి పిలిచినప్పుడే వచ్చింది. ఎవరికి చెప్పమంటావ్? చెబితే లంకకి పోతాం. చెవుల్లేని పిల్లనేసుకుని లంకలో ఎట్టా బతకను? అలలొచ్చేది దానికి ఎవరు చెబుతారు?"

ఏడాదిగా ఇతను తానొక్కడే అనుకుని మోస్తున్నాడు. ఇంకెన్ని ఇళ్ళలో ఇలాగే ఒక్కొక్కరూ తమది మాత్రమే అనుకుని మోస్తున్నారో నాకూ తెలియదు.

జూన్ 2

గురవయ్య మాస్టారికి ఎనభై రెండేళ్ళు. బడి మారినప్పుడు పాత అడ్మిషన్ రిజిస్టరు ఆయన దగ్గరే ఉండిపోయింది. ట్రంకుపెట్టెలో దుప్పట్ల కింద ఉంది. నేను అడిగినవెంటనే తీయలేదు. టీ పెట్టించారు. బిస్కట్లు తెప్పించారు. "నీ గొంతు పొద్దున్నే వింటుంటాలే, సువార్త అని పేరు పెట్టుకుని అన్నీ చావు కబుర్లే చదువుతావేం అమ్మాయ్" అన్నారు. తరవాత చేతులు తుడుచుకుని పెట్టె తెరిచారు.

పేజీలు తిప్పాను. కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా ఉంది. కెజియా పేరు పక్కన ఉంది. పెద్దింట్లు పేరు పక్కన ఉంది.

"ఇదేమిటి మాస్టారూ?"

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడిచారు.

"చెయ్యి అందని పిల్లలు" అన్నారు. "వయసు మీరు చెప్పినట్టే వేశా. కానీ నేను మాస్టర్ని గదా. తప్పని తెలిసి రాసినదానికి గుర్తు పెట్టుకోవాలనిపించింది. ఎందుకో తెలీదు. అలవాటు."

నేను వెంట తెచ్చిన డ్యూటీ రిజిస్టర్లు, ఈ పుస్తకం పక్కపక్కన పెట్టి చూశాను. ఆ 214 మందిలో సున్నా ఉన్నవాళ్ళు 58 మంది. వాళ్ళలో చెవులు పోయినవాళ్ళు 29 మంది. సున్నా లేనివాళ్ళు 156 మంది. వాళ్ళలో చెవులు పోయినవాళ్ళు ఇద్దరు.

ఈ ఏడు జూన్ 12న మందు వేయించుకోవాల్సినవాళ్ళు పదకొండు మంది. ఎనిమిది మందికి సున్నా ఉంది. ఎనిమిదిలో సగం నాలుగు. ఏ నలుగురో లెక్క చెప్పదు.

"ఈ పుస్తకం ఇవ్వండి మాస్టారూ."

ఆయన పుస్తకం మూసి దాని మీద రెండు చేతులూ పెట్టారు. "ఇది బయటికొస్తే ఎన్ని ఇళ్ళు లంకలకి పోతయ్యో లెక్కేశావా? నా చేత్తో అన్నం పెట్టించా ఆ పిల్లలందరికీ. నా చేత్తోనే ఊళ్ళోంచి పంపమంటావా?"

"చెవులు కూడా మీ చేత్తోనే పోయినయ్యి మాస్టారూ. మీ చేత్తో, మా నోటితో."

అలా అని ఉండకూడదు. ఆయన పుస్తకం ఇవ్వలేదు. నేను లేచి వచ్చేశాను.

జూన్ 6

దమయంతి గారికి లెక్క రాసి ఇచ్చాను. మొత్తం చదివారు. కొట్టిపారేయలేదు.

"మీ పాపకు జూన్ 12 కదా, సువార్త గారూ?"

"అవును."

"మందు వేసే ముందు వచ్చి వయసు తక్కువని చెప్పేవాళ్ళు ఏటా ఇద్దరో ముగ్గురో ఉంటారు. పిల్లను డ్యూటీకి పంపడం ఇష్టం లేక. వాళ్ళ కోసమే ఆ శిక్ష పెట్టింది. మీరు నిజమే చెబుతున్నారు, నాకు తెలుసు. కానీ మీరు చెప్పేది వాళ్ళు చెప్పేదానిలాగే ఉంది."

"మాస్టారి పుస్తకంలో గుర్తులున్నాయి."

"పుస్తకం ఏది?"

నా ఖాళీ చేతులు చూపించాను. ఆవిడ కిటికీలోంచి కట్ట మీదకు చూశారు. "నలభై తూములు. తూముకొకరు కూర్చుని ఈల వినాలంటే షిఫ్టుకు నలభై మంది కావాలి. నాకున్నది ముప్ఫై ఆరు. ఈ పదకొండు మంది కోసం ఆర్నెల్లుగా ఎదురుచూస్తున్నాను. మీ కాగితం ఊరి పెద్దల సభకు పెడతాను. సభ ఇరవయ్యో తారీకున."

"మందు పన్నెండున వేస్తారు."

"తెలుసు" అన్నారు.

జూన్ 9

ఇంట్లో చెప్పాను.

మా ఆయన సామ్యేలు పంపుల మెకానిక్కు. మాట తక్కువ. అన్నీ విని, "సగం మందికి ఏం కాలేదుగా" అన్నాడు.

"సగం మందికి అయింది."

"లంకలో మంచినీళ్ళు లేవు సువార్తా. మొన్న పడవ మీద వచ్చినవాళ్ళ కాళ్ళు చూశావా? చెవులు పోతే పిల్ల బతుకుద్ది. అక్కడికి పోతే ముగ్గురం పోతాం."

అతని మాటలో తప్పు వెతికాను. దొరకలేదు.

కెజియా తలుపు దగ్గర నిలబడి విన్నది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. కొత్త కోటు వేసుకుని ఉంది. చేతులు వేళ్ళ దాకా వచ్చాయి.

"నాకు పన్నెండా?" అంది. "పన్నెండేళ్ళేనా నాకు?"

"పన్నెండున్నర దాటింది."

"అందరికీ పద్నాలుగు, నాకు పన్నెండా! క్లాసులో అందరికంటే పొట్టిదాన్నని ఏడిపిస్తుంటే పొడుగవుతావులే అన్నావుగా! నాకన్నా మా క్లాసు యాకోబు తమ్ముడు పెద్దోడు అన్నమాట!" కళ్ళనీళ్ళు తుడుచుకుంది. తరవాత మామూలు గొంతుతో అడిగింది: "పెద్దికీ అంతేనా?"

"అంతే."

కోటు విప్పి మడతపెట్టింది. భోజనం చేయలేదు. వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. ఒక్క క్షణం నా చేతిలో గరిటె ఆగిపోయింది. రెండోసారి పిలిచాను.

"వినపడింది" అంది, తిరక్కుండానే.

జూన్ 12

ఉదయం ఏడు గంటలకు మైకు ముందు కూర్చున్నాను. ఆటుపోట్ల వేళలు చదివాను. పడవల రాకపోకలు చదివాను. తరవాత ఇది చదివాను:

'గత పదేళ్ళలో 214 మంది పిల్లలకు చెవి మందు వేశారు. 31 మందికి వినికిడి పోయింది. వారిలో 29 మందికి మందు వేసే నాటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. బడిలో అన్నం కోసం వారి వయసు పెంచి రాయించారు. పద్నాలుగు నిండనివారికి వాడరాదని మందు డబ్బా మీద ఉంది.

ఒక సవరణ. కెజియా, తండ్రి సామ్యేలు, పుట్టిన తేదీ జూన్ 12, 27 అని నమోదైంది. సరైన తేదీ అక్టోబరు 14, 28. తప్పు చెప్పింది తల్లి సువార్త. ఆ తల్లిని నేనే. వార్తలు సమాప్తం.'

ఇంటికి వెళ్ళేసరికి కెజియా లేదు. కోటు లేదు.

డ్యూటీ ఆఫీసు వాకిట్లో పదకొండు మంది పిల్లలు వరసలో ఉన్నారు. మూడో స్థానంలో మా అమ్మాయి. దగ్గరకు వెళ్ళబోతే గార్డు ఆపాడు. అక్కడి నుంచే అడిగాను, ఇదేం పని అని.

"కాగితం మీద పద్నాలుగేగా. నేను వేయించుకుంటే మనల్ని పంపరుగా" అంది. ఎవరూ నేర్పలేదు. తనే లెక్క వేసుకుంది.

తల్లిదండ్రులందరూ మైకు విన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. దమయంతి గారు మందు సీసా బల్ల మీద పెట్టి, "వయసులో సవరణ చెప్పుకునేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఒకాయన చొక్కా గుండీ సవరించుకున్నాడు. ఒకావిడ కూతురి జడ ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి వేసింది.

మొదటి పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. తల పక్కకు వంచారు. ఇన్‌చార్జి సీసాలో గొట్టం ముంచారు.

"ఆగండమ్మా!"

అంకారావు గొంతు. భుజం మీద ట్రంకుపెట్టె ఉంది. వెనకే పెద్దింట్లు చెయ్యి పట్టుకుని గురవయ్య మాస్టారు నడిచి వస్తున్నారు. మెట్లెక్కి వచ్చినందుకు ఆయనకు ఆయాసంగా ఉంది. పెట్టె దించి తెరిచారు.

అంకారావు ముందు తన సంగతి చెప్పాడు. "మా పిల్లకి ఏడాదిన్నర దగ్గర్లో ఎక్కువ ఏయించా. దానికి ఇంక పోయేదేం లేదు. మీ పిల్లలకి ఉంది. పలకండయ్యా!"

మాస్టారు పుస్తకం తెరిచి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, హాజరు పిలిచినట్టు పేర్లు చదివారు. మొదటి పేరు కుర్చీలో ఉన్న పిల్లవాడిది. వాడి తల్లి పరుగెత్తుకుని వెళ్ళి లేపి తీసుకుపోయింది. రెండో పేరుకు ఒక తండ్రి వచ్చాడు. మూడో పేరు కెజియా.

తను కదల్లేదు. సముద్రం వైపే చూస్తోంది. గార్డు ఈసారి పక్కకు తప్పుకున్నాడు. వెళ్ళి వెనక నిలబడ్డాను. ఎన్నడుగులో లెక్కపెట్టలేదు.

"కెజ్జూ" అన్నాను.

తిరిగింది.

ఎనిమిది పేర్లు అయ్యేసరికి వరసలో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురికి మందు వేశాక దమయంతి గారు సీసా మూత బిగించి నా దగ్గరకు వచ్చారు.

"పదకొండు మంది వస్తారనుకున్నాను. ముగ్గురు వచ్చారు. ఏ తూము కింద మనిషి లేడో రేపు అది కూడా చదవండి" అన్నారు.

అందులో వెటకారం లేదు. అది వార్తే.

జూలై 3

సభ తీర్పు వచ్చింది. పాతవి, కొత్తవి కలిపి సున్నాలు 66. అన్ని ఇళ్ళను పంపడానికి పడవలు లేవు. పైగా సభలో ఉన్న ఏడుగురిలో ఇద్దరి పిల్లల పేర్ల పక్కన సున్నా ఉంది. శిక్ష ఎవరికీ వేయలేదు. ఇకపై చెయ్యి అందుకోవడం కాదు, పళ్ళు చూసి వయసు రాస్తారు.

అనుమతి లేని వార్త చదివినందుకు నన్ను మైకు నుంచి తీసేశారు. పంపుల మీద ఉప్పు గీకే పని ఇచ్చారు. ఈ లాగ్ నా సొంతానికి రాసుకుంటున్నాను.

జూన్ 15న వెనక పిలుపులో ముగ్గురికి ముగ్గురూ తిరిగారు.

వినేవాళ్ళ షిఫ్టు ఎనిమిది గంటల నుంచి పదకొండు గంటలకు పెరిగింది. పని మీద కట్ట దిగినప్పుడల్లా సొరంగం గోడకు చెవి ఆనిస్తున్నాను. నా వయసు నలభై ఆరు. నాకేమీ వినపడదు. వినపడకపోవడం అంటే నీరు ఊరడం లేదని కాదు. ఆ తేడా ఇంతకు ముందు కూడా తెలుసు. ఇప్పుడు రోజూ గుర్తొస్తోంది.

అక్టోబరు 14, 42

ఈ రోజుకు కెజియాకు పద్నాలుగేళ్ళు నిండాయి.

వద్దన్నాను. డ్యూటీకి బదులు పంపుల పని చేయవచ్చని ఇప్పుడు నియమం ఉంది. కాగితం ముందు పెట్టాను. చదివి పక్కన పెట్టింది.

"సున్నా లేనోళ్ళలో ఇద్దరికే పోయిందన్నావుగా, నూట యాభై ఆరు మందిలో" అంది.

"ఆ ఇద్దరికీ అమ్మలున్నారు."

"తెలుసు. ఇద్దర్నీ అడిగొచ్చా." నా కంటే రెండంగుళాలు పొడుగైంది. "అమ్మా, కింద పదకొండు గంటలు కూర్చుంటున్నారు వాళ్ళు. నిద్రపోతున్నారు. నా మూలంగానే గదా తగ్గింది."

నీ మూలంగా కాదు, నా మూలంగా అన్నాను. వినిపించుకోలేదు. నీలం కోటు వేసుకుంది. చేతులు ఇప్పుడు సరిపోయాయి. పెద్దింట్లు వచ్చి కాలరు సర్ది, చేతులతో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. ఏమిటని అడిగితే, "నువ్వు ఏడవకుండా పిలుస్తావా లేదా అని పందెం" అంది.

మందు వేశారు. మూడు రోజులు దూది.

అక్టోబరు 17, 42

మూడు రోజులూ దూది చెవులతో ఇంట్లో తిరిగింది. మాట్లాడితే పలకదు. అది దూది వల్లే అని తెలుసు. తెలిసినా పిలుస్తూనే ఉన్నాను. సామ్యేలు రెండోరోజు, "ఊరుకో" అన్నాడు. మూడో రోజు అతనే పిలవడం చూశాను.

ఈ ఉదయం పది గంటలు. వాకిట్లో కెజియా ఒక్కతే. సముద్రం వైపు తిరిగి నిలబడింది. దమయంతి గారు దూది తీసి పక్కకు జరిగారు. గోడ పక్కన సామ్యేలు, అంకారావు, పెద్దింట్లు ఉన్నారు. ఏడడుగులు కొలిచి నిలబడ్డాను. నూట యాభై ఆరులో రెండు. ఆ అంకె అన్నిసార్లు రాసుకున్నాను. అక్కడ నిలబడ్డాక అది ఏ పనికీ రాలేదు.

పిలవడానికి ఊపిరి తీసుకున్నాను.

కెజియా తిరిగింది.

"ఇంకా పిలవలేదమ్మా నువ్వు" అంది. "ఊపిరి తీసుకున్నావు. వినపడింది."

దమయంతి గారు రిజిస్టరు తెరిచారు. "నియమం ప్రకారం పిలవాలి" అన్నారు. పిలిచాను. గొంతు సరిగా రాలేదు. పందెం పెద్దింట్లు గెలిచినట్టుంది, చెయ్యి పైకెత్తింది.

కెజియా నా వైపు చూడటం లేదు. నవ్వు పోయింది. తల కాస్త పక్కకు వంచింది. కట్ట అంచుకు నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ రాతి మీద పెట్టింది. నాకు గాలి తప్ప ఏమీ లేదు. కింద అలలున్నాయి, కొంగలున్నాయి.

దగ్గరకు వెళ్ళి, ఒకప్పుడు దారిలో ఇచ్చిన మాట ప్రకారం అడిగాను.

"కెజ్జూ, ఏం వినపడుతోంది?"

"ఈల. అటు, పదకొండో తూము దగ్గర. ఒకటి కాదమ్మా, మూడు." చెవి రాతికి ఆనించింది. "ఎప్పటి నుంచో వస్తున్నట్టుంది. ఎవరూ వినలేదా?"

దమయంతి గారి చేతిలో కలం ఆగింది. పదకొండో తూము దగ్గర వినేవాడికి ఇరవై నాలుగు నిండి దిగిపోయాక మూడు నెలలుగా మనిషి లేడు. ఆ ఖాళీకి కారణం నిరుటి జూన్ 12. ఆ జూన్ 12కు కారణం నేను. ఇందులో ఏదీ ఇప్పుడు వెనక్కి తీసుకోలేను, తీసుకోను కూడా.

ఆవిడ గంట తాడు వైపు పరుగెత్తారు. సామ్యేలు, అంకారావు పనిముట్ల గదికి పరుగెత్తారు. కెజియా అప్పటికే సొరంగం మెట్లు దిగుతోంది. నేను వెనక నుంచి పిలిచాను. అరిచాను. ఆమెకు వినపడింది. అందులో అనుమానం లేదు. తిరగలేదు.

మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. గంట మోగుతోంది.

సమయం: ఉదయం 10.20. చోటు: పదకొండో తూము. నీరు ఊరుతున్న చోట్లు: మూడు. విన్నది: కెజియా. వయసు: పద్నాలుగు, సరిచూసినది.